గుండీలక్కయ్య మూడో చరణం

మా వీధిలో ఆమెను అందరూ గుండీలక్కయ్య అంటారు. పన్నెండేళ్ళ వయసుకే తల్లి పక్కన కూర్చుని కాజాలు తీసి, గుండీలు కుట్టేది. ఆ పేరు అప్పుడు పడింది. తనకంటె పెద్దవాళ్ళు సైతం ఆమెను అక్కయ్యా అనే పిలుస్తారు. వరుసలకు వ్యాకరణం వర్తించదని, నలభై ఏళ్ళు బడిలో వ్యాకరణం చెప్పిన నేను ఒప్పుకోక తప్పదు.

మా ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఆ గోడకు అవతల ఆమె తల్లి కుట్టుమిషను తొక్కినన్నాళ్ళూ పాటన్నది నేను వినలేదు. ఆ ఇల్లాలికి మాటే బరువు. నోరు విప్పితే దారం తెగిందనో, వెలుతురు చాలలేదనో విసుక్కోవడానికే. భర్త పోయిన ఏడాదే ఆవిడా జ్వరంతో కన్నుమూసింది. మిగిలినవి మిషను, ఆ పిల్ల, ఇంకా మాటలు రాని చంటివాడు.

పాట ఆ తరువాత మొదలైంది. సందెవేళ చంటివాడు గుక్కపట్టి ఏడ్చేవాడు; పిల్ల వాణ్ణి ఒళ్ళో వేసుకుని, నోటికొచ్చింది కలిపి పాడేది. మొదట్లో మాటలు రోజుకో రకంగా మారేవి. నెమ్మదిగా కుదురుకున్నాయి:

గుండీ జారి దొర్లింది, గుమ్మం దాటింది,
వీధి దాటి, వాగు దాటి వెన్నెలయ్యింది.

‘అయింది’ అనవలసినచోట ‘అయ్యింది’ అని ఒత్తడం నాకు పంటికింద రాయిలా ఉండేది. ఆ ఒత్తు దగ్గరే పిల్లవాడి ఏడుపు ఆగుతోందని గమనించాక, గోడకు ఇవతల నా ఎర్రసిరాకు మూత పెట్టేశాను.

వాడు కాస్త ఎదిగి, “ఈ పాటెవరిదక్కా?” అని అడిగితే ఆమె, “అమ్మది” అంది. తల్లి ముఖమైనా ఎరగనివాడికి అంతకంటె ఏమివ్వగలదు? అడిగినప్పుడల్లా మరికొంత ఇచ్చింది: అమ్మ మిషను తొక్కుతూ పాడేదిరా, నీ జుట్టు నిమిరితే ఆ చేతికి మిషను నూనె వాసన వచ్చేదిరా. ఆ చేయి తనదే. ఆ నూనె ఇప్పటికీ ఆమె గోళ్ళ సందుల్లో ఉంది.

రెండో చరణం సగంలోనే వాడు నిద్రపోయేవాడు. మూడోది ఎన్నడూ వినలేదు. విన్నవాణ్ణి నేనొక్కణ్ణే:

దీపమెత్తి వెతికేదెవరు? తిరిగి తెచ్చేదెవరు?
అమ్మ కాదు కన్నా, నేను, అక్కనే నేను.

ఆ చిన్నోడు గాయకుడయ్యాడు. మొన్న పెద్ద హాల్లో వాడి తొలి కచేరీ. గుండీలక్కయ్య వాడికి నీలం చొక్కా కుట్టిచ్చి, నన్ను తోడు తీసుకువెళ్ళింది. మావి మూడో వరుసలో సీట్లు.

“మొదటి వరుస ఇవ్వలేదేమమ్మా నీ తమ్ముడు?” అన్నాను.

“అది పెద్దవాళ్ళకట మాస్టారూ.”

“మరి నువ్వెవరు?”

“దర్జీని. చొక్కా కుదిరిందో లేదో చూడ్డానికి మూడో వరుస చాలు” అని నవ్వింది. ఆ నవ్వులో అప్పటికింకా గర్వమే ఉంది.

చివరి పాటకు ముందు వాడు మైకు పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. “ఇది మా అమ్మ పాట. మిషను తొక్కుతూ పాడేది. నా జుట్టు నిమిరితే ఆ చేతికి నూనె వాసన వచ్చేది. అమ్మ పోయాక నాకంటూ ఎవరూ లేరు. ఈ పాటే నన్ను పెంచింది.”

కర్తను వదిలేసినా తెలుగులో వాక్యం నిలబడుతుందని పిల్లలకు చెప్పేవాణ్ణి. చిన్నోడూ ఆ తరగతిలోనే ఉండేవాడు.

హాలంతా చప్పట్లు. గుండీలక్కయ్య కూడా చేతులెత్తింది, అవి కలవలేదు. కుడి అరచేతిని ముక్కు దగ్గరికి తెచ్చుకుని, మళ్ళీ ఒళ్ళో పెట్టేసుకుంది.

“వాడికి నిజం చెప్పెయ్యమ్మా” అన్నాను మెల్లగా.

“అమ్మను నేనే ఇచ్చాను మాస్టారూ. ఇచ్చింది లాక్కోనా?” అంది. మళ్ళీ తనే, “అమ్మను ఉంచుకోమనండి. మధ్యలో నన్నెందుకు కొట్టేశాడు? ఇంత అన్నం పెట్టినదాన్ని, వీడి కంటికి ఆనలేదా?”

కచేరీ అయ్యాక తెర వెనక గదికి వెళ్ళాం.

“ఎలా ఉందక్కా?”

“భుజం దగ్గర లాగుతోంది.”

“చొక్కా కాదక్కా తల్లీ, పాట!”

“నీకెవరూ లేరటగా. నన్నడుగుతావేం?”

వాడు పకపకా నవ్వాడు. “అబ్బా, అది జనం కోసమక్కా! అక్క పెంచిందంటే ఎవరేడుస్తారు? ఎవరూ లేరంటేనే పాట నిలబడుతుంది.”

మరిచిపోయి అన్న మాట కాదది, గుర్తుండే అన్నాడు.

“అన్నట్టు, రెండు చరణాలే అయితే రికార్డింగుకు పొట్టిదైపోతుందట. మూడోది ఉందేమో గుర్తు తెచ్చుకో. నేను నిద్రలోకి జారాక కూడా పాట సాగుతున్నట్టు లీలగా అనిపిస్తుంది.”

ఆమె పెదవులు కదిలాయి. ఆ ఒక్క చరణం చాలు, వాడికి అంతా తెలిసిపోవడానికి.

“లేదు” అంది.

“నిజంగా?”

“నువ్వు నిద్రపోయాక ఇంకెవరి కోసం పాడుతుందిరా?”

వాడు చొక్కా విప్పి, రేపటికి భుజం కాస్త వదులు చేసి పెట్టమని ఆమె చేతికిచ్చాడు. ఆమె దాన్ని గుండీలన్నీ పెట్టి, చక్కగా మడిచి, కుర్చీ మీద ఉంచింది.

“పదండి మాస్టారూ” అంది.