తొమ్మిది పుస్తకాలకూ ఊఁ

మా ఆయన అల్యూమినా ఫ్యాక్టరీలో ఫిట్టరు. టికిరి దగ్గర టౌన్‌షిప్‌లో మా క్వార్టరు. తోటివాళ్ళు డ్యూటీ దిగాక పేకాడేవారు, లేకపోతే ఫోన్లో రీళ్ళు చూసుకునేవారు. ఈయన మాత్రం ఇటుకంత లావు ఇంగ్లీషు పుస్తకం పట్టుకుని వరండాలో కూర్చునేవారు. ఒకే కథ, తొమ్మిది పుస్తకాలు. ఎవరో మాంత్రికుడు ఒక రాజ్యంలోని నదిని దొంగిలించి పట్టుకుపోతాడట. దాన్ని వెతుక్కుంటూ రాణి ఒంటికన్ను గుర్రమెక్కి బయల్దేరుతుందట. నదిని ఎత్తుకుపోవడానికి తొమ్మిది పుస్తకాలెందుకని నేను వెక్కిరించేదాన్ని.

"ఎత్తుకుపోడానికి ఒకటే సాలు. తిరిగి తేడానికే మిగతా ఎనిమిదీ" అనేవారు.

సాయంత్రం నేను కూరలు తరుగుతుంటే ఆ రోజు చదివింది చెప్పేవారు. మా ఇళ్ళల్లో కథ చెబుతుంటే వినేవాళ్ళు ఊఁ కొట్టాలి. ఊఁ ఆగితే కథా ఆగిపోతుంది. శ్రీకాకుళంలో వాళ్ళమ్మ దగ్గర అబ్బిన ఆ అలవాటు ఆయనకి ఒడిశా వచ్చినా పోలేదు. నేను ఒక కన్ను వంకాయల మీద, ఒక చెవి కుక్కరు మీద వేసి ఊఁ, ఊఁ అంటూ ఉండేదాన్ని. వింటున్నానో లేదో తేల్చుకోవడానికి ఆయన దగ్గర ఒక ఎత్తు ఉండేది. యుద్ధం మంచి జోరులో ఉండగా, గొంతు ఏమాత్రం మార్చకుండా, "అప్పుడా రాణి టికిరి సంతకెల్లి ఎండుసేపలు కొనింది" అనేవారు.

"ఊఁ" అనేదాన్ని నేను.

ఇక నవ్వు. పక్క క్వార్టరుకి వినపడేలా నవ్వేవారు. "ఏటే, రాణికి ఎండుసేపలేటే?" అని మర్నాడు కూడా ఏడిపించేవారు. నాకు ఒళ్ళు మండేది, మళ్ళీ నవ్వొచ్చేది.

ఆరో పుస్తకం సగంలో ఉండగా ఆయనకి పక్షవాతం వచ్చింది. డ్యూటీలోనే పడిపోయారు. కొరాపుట్ ఆస్పత్రిలో ప్రాణం నిలబెట్టారు గానీ కుడిచెయ్యి, కుడికాలు, మాట, మూడూ పోయాయి. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు హిందీలో చెప్పాడు. మాట రావచ్చు, రాకపోవచ్చు. అర్థమవుతోందో లేదో ఇప్పుడే చెప్పలేం. మీరు మాత్రం మాట్లాడుతూనే ఉండండి, అన్నాడు. చెప్పడానికేం, చెప్పాడు. జవాబివ్వని మనిషితో నాలుగు రోజులు మాట్లాడితే ఇంట్లో ఉన్న మాటలన్నీ అయిపోతాయి. అప్పుడు నాకా పుస్తకాలు గుర్తొచ్చాయి.

నేను రాయగడలో ఒడియా మీడియంలో చదువుకున్నదాన్ని. ఇంగ్లీషు వచ్చీ రానిది. ఒక పేజీ నాలో నేను చదువుకుని, తెలియని మాటలకి ఫోన్లో అర్థాలు వెతుక్కుని, తర్వాత మన మాటల్లో ఆయనకి చెప్పాలి. మొదటి పుస్తకం మొదటి పేజీ నుంచే మొదలుపెట్టాను. ఆయన మంచం మీద, నేను స్టూలు మీద, ఒళ్ళో చోడి అంబలి గిన్నె. నా నోట్లో పడేసరికి ఆ రాజ్యంలో ఉన్నవాళ్ళంతా మా వాళ్ళయిపోయారు. సేనాపతి పరుగెత్తుకొచ్చి, "ఏటి సేద్దుమమ్మా, నది కనబడ్డం నేదు" అన్నాడు. అంతవరకు చెప్పి ఊపిరి పీల్చుకోవడానికి ఆగాను.

"ఊఁ" అన్నారు మా ఆయన.

ఆస్పత్రి నుంచి వచ్చాక ఆయన నోట వచ్చిన మొదటి శబ్దం అది. గిన్నె అక్కడే పడేసి పక్క క్వార్టరు పిన్ని దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ వచ్చి, నిలబడి, ఇంకో రెండు పేజీలు చెప్పించుకుని కళ్ళు తుడుచుకుంది.

"ఇంటన్నారే అమ్మీ! ఊఁ కొడతన్నారంటే ఇంటన్నట్టే కదేటి? సెప్పు, ఆపకు" అంది.

ఇంకెవరైనా అయితే అదేదో మూలుగు అనుకునేవారేమో. ఊఁ కొట్టకపోతే కథ చెప్పని ఇళ్ళల్లో పెరిగిన మేం అలా ఎలా అనుకుంటాం?

ఇక ఆపలేదు. నిజం చెప్పాలంటే నాకా కథ నచ్చలేదు. ఒక కోట గుమ్మం గురించి పేజీలకి పేజీలు. రాణి మంచిదే గానీ మహా మొండి. గుర్రమొక్కటే నాకు నచ్చింది, దాన్ని మూడో పుస్తకంలోనే చంపేశారు. ఆ రోజు నేనే ఏడ్చాను. ఆయన ఊఁ అన్నారు. ఆ ఊఁలో బాధ ఉందనుకున్నాను. రాణి గెలిచిన చోట సంతోషం ఉందనుకున్నాను. రోజంతా చాకిరీ చేసి, ఆయన్ని ఎత్తి దించి నడుం పడిపోతున్నా, ఆ ఒక్క అక్షరం కోసం మళ్ళీ స్టూలు లాక్కునేదాన్ని.

ఆయన కాలు వంచి చాపించడానికి రాయగడ నుంచి ఒక ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చేది. ఒకరోజు నా వైపు చూడకుండా, "మీరు చెప్పడం ఆపినా అలాగే అంటున్నారా, దీదీ?" అని ఒడియాలో అడిగింది. ఆ పిల్ల మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. ఆ పూట టీ కూడా ఇవ్వలేదు. కానీ ఆనాటి నుంచి చదవడం ఆపగానే గదిలోంచి లేచి వెళ్ళిపోయేదాన్ని. వంటింట్లో కుళాయి గట్టిగా తిప్పేదాన్ని.

ఆరో పుస్తకం మధ్యలో ఒక బస్సు టికెట్టు కనిపించింది. ఆయన పెట్టుకున్న గుర్తు. అక్కడి దాకా ఆయనకి తెలిసిన కథ, ఆ తర్వాతది ఇద్దరికీ కొత్త. టికెట్టు తీసి పక్కన పెట్టి, పేజీ తిప్పి, ఇప్పుడైనా ఆ ఊఁ కొంచెం మారుతుందేమోనని ఎదురుచూశాను. మారలేదు. శ్రద్ధగా వింటున్నారు, అందుకే మారలేదు, అని సర్దిచెప్పుకున్నాను.

ఎండుచేపల సంగతి నాకు మొదటి రోజు నుంచీ నాలుక చివరే ఉంది. ఒక్కసారి అంటే తేలిపోతుంది. ఆయన నవ్వక్కర్లేదు, ఊఁ అనకుండా ఊరుకున్నా చాలు. అందుకే అనలేదు. భయం. పుస్తకాలు మిగిలి ఉన్నంతకాలం ఆ అవసరం లేదనుకున్నాను.

తొమ్మిదో పుస్తకంలో ఉండగా రెండు కబుర్లు వచ్చాయి. కొరాపుట్‌లో మళ్ళీ స్కాన్ తీసి, ఇక ఇంతేనన్నారు. ఆఫీసు నుంచి మనిషొచ్చి క్వార్టరు ఖాళీ చెయ్యాలన్నాడు. గుడారిలో మా అన్నయ్య దుకాణం వెనక గది ఒకటుంది, బస్తాలు పెట్టుకునేది. అక్కడికి వెళ్ళాలి. ఇవేవీ ఆయనకి చెప్పలేదు. వింటున్నారు కదా, విని బాధపడతారని.

ఆఖరి పేజీలో రాణి నదిని తెచ్చేసింది. నీళ్ళు వీధుల్లోకి వచ్చాయి గానీ, జనమంతా ఎప్పుడో ఊరు వదిలేసి పోయారు. ఖాళీ ఇళ్ళ మధ్య రాణి ఒక్కతే నిలబడింది. కథ అయిపోయింది. ఆ సంగతి ఆయనకి ఇంకా తెలియదు. నేను గొంతు మార్చకుండా, ఆయన చెప్పినట్టే చెప్పాను.

"అప్పుడా రాణి టికిరి సంతకెల్లి ఎండుసేపలు కొనింది."

"ఊఁ" అన్నారు.

మొహంలోకి చూశాను. కళ్ళు ఫ్యాను మీదే ఉన్నాయి.

"ఎండుసేపలండీ."

"ఊఁ."

ఏడవాలనిపించింది, ఏడుపు రాలేదు. దాచుకున్నవి దాచుకోవడం ఇక దేనికి?

"కోటరు కాళీ సెయ్యమన్నారండి. గుడారి ఎల్లిపోదుం."

"ఊఁ."

"మీకింక బాగవ్వదంట."

"ఊఁ."

ఈసారి లేచి వెళ్ళలేదు. పుస్తకం మూసి, దాని మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాను. బయట షిఫ్టు సైరన్ మోగి ఆగింది. కాసేపటికి, నేనేమీ చెప్పకుండానే, ఆయన మళ్ళీ "ఊఁ" అన్నారు.