కంప్యూటర్‌తో బేరమాడిన మేనత్త

ఉల్లిపొరను చూసి మురిసిపోయే పిల్లను తీసుకెళ్ళి చేపల చెరువులోకి తోసిన ఘనత మా వంశంలో నాకొక్కదానికే దక్కింది. ఎలా తోశానో దాచకుండా చెబుతాను. మీరు నవ్వుకుంటే నవ్వుకోండి గానీ, మీ ఇంట్లో ఇంటర్ పాసైన పిల్లలుంటే మాత్రం వాళ్ళను సలహా కోసం నా దగ్గరికి పంపకండి.

ముందు నా గురించి రెండు ముక్కలు. మాది కోరుట్ల. బేరమాడటంలో నన్ను మించినవాళ్ళు అటు మెట్‌పల్లి నుంచి ఇటు జగిత్యాల దాకా లేరని మా చుట్టాల నమ్మకం. ఎవరింట్లో పెళ్ళి కుదిరినా ముందు పంతులుకు, ఆ తర్వాత నాకు ఫోన్ వస్తుంది. నా పద్ధతి చాలా సులువు. నచ్చిన చీరను ముట్టుకోకూడదు. నచ్చనిదాన్ని ఒళ్ళో పెట్టుకుని, అంచు తడిమి, మెచ్చుకుని, దానికోసం దుకాణం సేటుతో గొంతు పోయేదాకా కొట్లాడాలి. ఆయన అలిసిపోయాక, లేస్తూ లేస్తూ అసలు చీరను చిటికెన వేలితో చూపించి, "పోనీ, ఆ మూలకు పడ్డదెంత?" అనాలి. అప్పటికీ దిగిరాకపోతే చెప్పులు వేసుకుని బయటికి నాలుగడుగులు నడవాలి. "అమ్మా, రాండ్రి రాండ్రి" అని సేటు వెనక నుంచి పిలిచి తీరతాడు. ఈ విద్య చాలదన్నట్టు మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి ఆడపిల్లను కూడా నేనే. పొగరుకు ఇంకేం కావాలి?

మా అన్న సత్తయ్యది సిరిసిల్ల. సాంచాల మీద పని, పొద్దంతా ఆ మరమగ్గాల చప్పుడులో నిలబడతాడు. అందుకే ఇంటికొచ్చాక కూడా అరిచి మాట్లాడతాడు. వదిన బీడీలు చుడుతుంది. వాళ్ళ ఒక్కగానొక్క బిడ్డ రవళి. ఇంటర్‌లో ఉండగా ఒక మేడం మైక్రోస్కోపులో ఉల్లిపొర చూపించిందట. ఇక ఆ రోజు నుంచి పిల్లకు అదే లోకం. వదిన ఉల్లిగడ్డ కోస్తే చాలు, పొర లాగి వెలుతురుకు పట్టుకుంటుంది.

"అమ్మా, గిండ్ల ఇటుకలు పేర్చినట్టు గదులుంటయ్, తెల్సా?"

"గదులుంటె కిరాయికిద్దాం తియ్యి" అనేది వదిన.

రవళి మనసు జగిత్యాలలో ఆడపిల్లల కాలేజీ మీద, అక్కడ చెప్పే మైక్రోబయాలజీ మీద ఉంది. అన్న ఒప్పుకున్నాడు గానీ ఒక మెలిక పెట్టాడు. "జగిత్యాల అయితె పంపుత. హాస్టలున్నది, ఐతారం ఐతారం పోయి సూసి రావచ్చు. జగిత్యాల దాటితె మాత్రం పంప. ఇంట్ల ఉండి కుట్టు మిషన్ నేర్చుకోవాలె." అంటే జగిత్యాల సీటు వస్తే చదువు, రాకపోతే కుట్టు మిషన్. పిల్ల బతుకు ఈ రెండింటి మధ్య వేలాడుతున్న వేళ, సాయానికి ఎవరిని పిలిచారో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

నా కాలంలో డిగ్రీ సీటంటే నాన్నతో కాలేజీకి వెళ్ళి ప్రిన్సిపాల్ ముందు నిలబడి అడగడమే. ఇప్పుడంతా ఆన్‌లైన్. కావలసిన కాలేజీలను మొదటిది, రెండోది, మూడోది అని వరసగా పెట్టాలి. కంప్యూటర్ పిల్ల మార్కులు చూసి, ఆ వరసలో పైనుంచి ఏది దొరికితే అది ఇస్తుంది. అన్న, వదిన, రవళి ముగ్గురూ వేములవాడ మీదుగా బస్సెక్కి కోరుట్లలో దిగారు. వాళ్ళను బస్టాండు పక్కన గౌస్ భాయ్ ఇంటర్నెట్ సెంటర్‌కు తీసుకెళ్ళాను. కుర్చీలో నేను, పక్కన స్టూలు మీద రవళి, వెనక నిలబడి అన్నావదినలు. అచ్చం పెళ్ళిచీరల దుకాణంలో కూర్చున్నట్టే అనిపించింది. అక్కడే నా పుర్రెలో పురుగు కదిలింది.

"అత్తా, మొదలు జగిత్యాల పెట్టు" అంది రవళి.

"మొదలేనా? పిచ్చిపిల్లా, కావలసింది మొదలే చెప్తె లోకువైపోతం."

"ఎవలికి?"

"వాళ్ళకు."

"వాళ్ళెవలత్తా?"

నేను పైకి ఏమీ అనకుండా కళ్ళతోనే కంప్యూటర్ వైపు సైగ చేశాను. అది వింటుందేమోనని నా జాగ్రత్త నాది.

"అత్తా, గట్ల కాదు. మొదలు పెట్టిందే మొదలు సూస్తదట. గిక్కడ రాసున్నది, సదువు."

"రాస్తరు, రాయకేం! దుకాణంల గూడ 'ఒకే ధర' అని బోర్డు పెడ్తరు. నేనెన్నడన్న ఒకే ధరకు కొన్ననా?"

పిల్ల మళ్ళీ ఏదో చెప్పబోయింది. వెనక నుంచి వదిన అందుకుంది. "నువ్వు సప్పుడు జెయ్యకు రవళీ. అత్తకు తెల్వదా? మీ పెద్దమ్మ బిడ్డ పెండ్లిల పట్టుచీరకు ఎంత తగ్గిచ్చిందో యాదికి లేదా?" అన్న కూడా తలూపాడు. ఇక నన్ను పట్టేవాళ్ళెవరు?

భూమ్మీద ఎవరికీ అక్కర్లేని కాలేజీ కోసం వెతకడం మొదలుపెట్టాను. దొరికింది. రాష్ట్రానికి ఆ కొసన, ఏటి ఒడ్డున, మాలో ఎవరూ పేరైనా వినని ఊరు. కోర్సేమో చేపల పెంపకం. మా రవళికి చేపల వాసనే పడదు. ఇంట్లో పులుసు కాగుతుంటే పక్కింటికి పారిపోయి అక్కడే తినేసి వస్తుంది. ఇంతకన్నా నచ్చని చీర నాకు ఏ దుకాణంలో దొరుకుతుంది? దాన్ని మొదట పెట్టాను. దాని కింద మరికొన్ని దూరపు ఊళ్ళు. అన్నిటికన్నా అడుగున, పొరపాటున జారిపడినట్టు, జగిత్యాల.

గౌస్ భాయ్ అటుగా వచ్చి తొంగి చూశాడు. "మేడం, చేపలే ఫస్టా? పక్కానా?"

"పక్కా" అని కన్ను గీటాను. ఆయన భయపడి జిరాక్స్ మిషన్ వెనక్కి వెళ్ళిపోయాడు.

సబ్మిట్ నొక్కి, చెప్పులు వేసుకుని, "ఎవలూ ఎనుకకు తిరిగి సూడకుండ్రి" అని మా వాళ్ళను హెచ్చరించి బయటికి నడిచాను. కొద్దిరోజులకు అన్న ఫోన్ చేశాడు.

"చెల్లె, సీటచ్చిందని మెసేజచ్చింది!"

"నేనేం చెప్పిన? జగిత్యాలేనా?"

"ఊరి పేరు నాకు సదువుడు అస్తలేదు. కింద చేపలని ఉన్నది."

"ఏం చేపలు?"

"గది నన్నడుగుతవేంది? కోర్సే చేపలట!"

అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడిగింది అడిగినట్టే మారు మాట లేకుండా వడ్డించే తల్లి ఒకటుందని నాకు ఆ రోజే తెలిసింది.

దొరికిన బస్సెక్కి సిరిసిల్లకు పరుగెత్తాను. వదిన తలుపు తీసింది గానీ లోపలికి రమ్మనలేదు. నేనే వెళ్ళి కూర్చున్నాను.

"ఇప్పుడేం జేద్దాం?" అన్నాడు అన్న.

అలవాటు అంత తొందరగా చస్తుందా! "చెప్పులేసుకోని నడుద్దాం అన్నా. మనం పట్టిచ్చుకోకుంటె వాళ్ళే పిలుస్తరు."

"ఎవలు పిలుస్తరే? చేపలా?"

ఆ అరుపుకు వీధిలో వాళ్ళు కూడా బయటికొచ్చారు. పరువు కాపాడుకోవడానికి సీట్లిచ్చేవాళ్ళ హెల్ప్‌లైన్‌కు ఫోన్ కలిపి, అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టాను. అవతల ఎవరో సారు, పాపం మంచివాడే.

"సార్, మా పిల్లకు చేపల సీటచ్చింది. కొంచెం జగిత్యాలకు మార్చి ఇయ్యుండ్రి."

"మొదటి ఆప్షన్ మీరు గదే పెట్టుకున్నరు కదమ్మా?"

"పెట్టిన గని, నిజంగ కాదు సార్."

"నిజంగ కాదంటె?"

"ఊకెనే, మాటవరసకు పెట్టిన."

ఆయన చిన్నపిల్లకు చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు. "అమ్మా, కంప్యూటర్‌కు మాటవరస తెల్వది."

"పోనీ, మీరన్న కొంచెం అటో ఇటో సూసి..."

"అటూ ఇటూ ఉండదమ్మా. రెండో విడతల మళ్ళ ఆప్షన్లు పెట్టుకోండ్రి. సీటు మిగిలి ఉంటె వస్తది, లేకుంటె లేదు."

రవళి ఫోన్ దగ్గరికి వంగి అడిగింది. "సార్, జగిత్యాలల మిగులుతయా?"

"చెప్పలేం బిడ్డా. అక్కడ తొందరగనే నిండుతయ్."

ఫోన్ పెట్టేశాక వదిన వంటకు ఉల్లిగడ్డ కోయడం మొదలుపెట్టింది. పొర ఊడి కత్తిపీట పక్కన పడింది. రవళి దానివైపు చూడను కూడా లేదు. నన్ను నాలుగు తిట్టినా బాగుండేది. తిట్టలేదు, ఏడవలేదు. అన్న గొంతు తగ్గించి, "పక్కింటామె మిషన్ నేర్పుతనన్నది" అన్నాడు. అన్న అంత మెల్లగా మాట్లాడటం నేను వినడం అదే మొదలు. నాకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది. వదిన ఉల్లిగడ్డ కోస్తోంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

రెండో విడతకు మళ్ళీ గౌస్ భాయ్ దగ్గరికే వచ్చారు. ఈసారి వదిన సంచులన్నీ నా చేతుల్లో పెట్టి, "నువ్వు గిక్కడ్నే ఉండు పద్మా. లోపల కాలు పెట్టకు" అంది. గుమ్మం బయట నిలబడి మెడ సాచి చూస్తున్నాను. కుర్చీలో రవళి ఒక్కతే. ఎంతసేపని ఓర్చుకోను?

"ఏం పెట్టినవే?"

"జగిత్యాల."

"రెండోది?"

"పెట్టలే."

"ఏందీ? ఒక్కటేనా?"

"నాకు కావలసింది గదొక్కటే అత్తా. బాపు పంపేది గూడ గక్కడికే. ఇంకోటి పెట్టి ఏం జెయ్యాలె?"

నిండు దుకాణంలో నిలబడి, 'ఇది తప్ప నాకు ఇంకేదీ వద్దు' అని మైకులో చెప్పినట్టే కదా ఇది! మనిషన్నవాళ్ళు ఇంత బట్టబయలుగా అడుగుతారా? ఇక మెసేజ్ వచ్చేలోపే కొండగట్టుకు, ధర్మపురికి మొక్కుకున్నాను. పుట్టి బుద్ధెరిగాక దేవుడితో బేరమాడకుండా మొక్కింది అదొక్కసారే.

చివరికి రవళే ఫోన్ చేసింది. "అత్తా, జగిత్యాల! మైక్రోబయాలజీ!" వెనక నుంచి అన్న కేక. "చేపలు లేవు కదా? ఇంకోసారి మంచిగ సూడు!"

హాస్టల్‌కు వెళ్ళే ముందు పిల్లకు కొత్త డ్రెస్సు కొనిపెట్టి పాపం కడుక్కుందామని కోరుట్లలో నేనెప్పుడూ వెళ్ళే దుకాణానికి తీసుకెళ్ళాను. నేనింకా నచ్చని డ్రెస్సు కోసం వెతుకుతూనే ఉన్నాను, రవళి ఒక నీలం డ్రెస్సు తీసి గుండెకు హత్తుకుంది. "సేటూ, నాకు గిది మస్తు నచ్చింది. ఇచ్చే ధర చెప్పు." నేను గిల్లాను. కళ్ళురిమాను. లాభం లేదు. సేటు నవ్వి ఒక ధర చెప్పాడు. ఆ గుడ్డకు అంత తక్కువ ధర నేను గొంతు పోయేలా అరిచిన రోజు కూడా వినలేదు.

"ఇన్నేండ్లల్ల నాకెన్నడన్న గింత తక్కువ చెప్పినవా సేటూ?" అని నిలదీశాను.

"కోపానికి రాకుండ్రి అమ్మా. మీరు ముట్టుకోని చీరనే మీకు కావాలని మా దుకాణంల అందరికి ఎరికే. మీరు గుమ్మంల అడుగు పెట్టంగనే మొత్తం పెంచి చెప్తం. మీరు తగ్గిస్తరు, సంతోషంగ పోతరు. మాక్కూడ సంతోషమే."

రవళి డ్రెస్సులో ముఖం దాచుకుని నవ్వింది. ఇన్నేళ్ళ నా బేరాల్లో నా అబద్ధాన్ని నమ్మిన సేటు ఒక్కడూ లేడు. ఈ లోకంలో నా మాటను మనసారా నమ్మింది ఆ కంప్యూటర్ ఒక్కటే!

అందుచేత కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ప్రజలందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట కావలసినదాన్నే కావాలంటాను. వద్దనుకున్నదాన్ని ఒళ్ళో పెట్టుకోను. ప్రాణం పోయినా కంప్యూటర్ ముందు కన్ను గీటను.

మొన్న సిరిసిల్ల వెళ్ళినప్పుడు ఈ ప్రమాణానికి మొదటి పరీక్ష ఎదురైంది. "ఏం వండమంటవ్ పద్మా?" అని వదిన అడిగింది. వెనకటి నేనైతే "ఏం వద్దు వదినా, పచ్చిపులుసు చాలు" అని, ఆమె బతిమాలేదాకా ఆగేదాన్ని. ఒట్టు గుర్తొచ్చి, "చేపల పులుసు" అని సూటిగా అడిగాను. సెలవులకు ఇంటికొచ్చిన రవళి లేచి, చెప్పులు వేసుకుని, బయటికి నాలుగడుగులు నడిచింది. వెనక్కి తిరిగి చూడలేదు.

పిల్ల వీధి మలుపు దాకా పోకముందే నేను గుమ్మంలోకి ఉరికాను. "బిడ్డా, రా రా! పచ్చిపులుసే చాలు!"