నడుస్తూ చదివే కాగితం

నా చిన్నప్పుడు చదువు నన్ను వదిలేసిందో, నేనే దాన్ని వదిలేశానో ఇప్పటికీ తేలలేదు. ఇద్దరిలో ఎవరూ ఏడవలేదన్నది మాత్రం నిజం. బడి మానే నాటికి నాకు పట్టుబడిన విద్య ఒక్కటే, అక్షరాలకు తీగలూ చిలకలూ తగిలించడం.

మా నాన్నకు రాయపూర్‌లో రైల్వే ఉద్యోగం. శ్రీకాకుళం నుంచి మమ్మల్ని చూడ్డానికి వచ్చిన మా అమ్మమ్మ ఒక పొద్దున బజారులో తప్పిపోయింది. ఆమెకు హిందీ ఒక్క ముక్క రాదు. రెండు రోజులు స్టేషనూ ఆసుపత్రీ తిరిగి వచ్చి అమ్మ గుమ్మంలో కూలబడింది. గోడలకు కాగితాలు అంటిద్దామని నాన్న వాటిని రాసే పని నాకు అప్పగించాడు.

మనసు పెట్టి వేశాను. చుట్టూ గులాబీ తీగ, పై మూలల్లో చిలకలు, నడుమ గుండ్రటి తెలుగులో అమ్మమ్మ పేరు, ఇంటిపేరు, ఊరు, తాలూకా. తప్పిపోయిన సంగతిని హిందీలో అడుగున, మిగిలిన చోట ఇరికించాను.

పక్కింటి అక్క వచ్చి కాగితం చూసింది. దాన్ని ఎదురు గోడకు అంటించి, సైకిల్ మీద పోతున్న పాలవాణ్ణి ఆగకుండానే చూసి చెప్పమంది. అతను మెడ తిప్పి, "శాదీ కిస్ కీ హై, దీదీ?" అంటూ వెళ్లిపోయాడు. పెళ్లెవరిదన్న ఆ మాటకు అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అక్క కొత్త కాగితం తీసింది. పైన లావుపాటి హిందీలో ముసలమ్మ తప్పిపోయిందని రాసింది. దాని కింద ఆకుపచ్చ చీర, రెండు ముక్కుపుడకలు, తెలుగు తప్ప ఏమీ రాదు, మా క్వార్టర్ నంబరు. అంతే. మొహం ముడుచుకున్న నా చేతికి ఎర్ర రంగు కుంచె ఇచ్చి, "అంచు నువ్వెయ్యిరా, లావుగా. పోయేవాళ్ల కన్ను అక్కడ ఆగాలి. అంతవరకే నీ పని," అంది. చీకటి పడేదాకా అలాంటివే రాశాం.

మర్నాడు టాటీబంధ్‌లో లారీలు ఆగేచోట నాన్న అంటించిన కాగితం చూసి, ఒక టీకొట్టతను అమ్మమ్మను రిక్షాలో తీసుకొచ్చాడు. ఎక్కడికి పంపాలో తెలియక అన్నాళ్లూ తనే తిండి పెట్టాడట.

ఇదే ఊళ్లో పెళ్లికార్డులు అచ్చు వేస్తూ ముసలివాణ్ణయ్యాను. ఇంకో పువ్వు, ఇంకో గంట, ఇంకో ఏనుగు అంటారు. మరి ముహూర్తం ఎక్కడ పెట్టమంటారని అడిగి అడిగి నోరు నొచ్చింది. ఇప్పుడు వాదించే ఓపిక లేదు. అయినా ప్రతి కార్డునూ గోడకు తగిలించి, ఆగకుండా ఒకసారి దాని ముందు నుంచి నడుస్తాను.

అమ్మమ్మ దొరికిన రోజు మాత్రం ఓపికకు కొదవ లేదు. అన్నం తింటున్న అమ్మమ్మ పక్కన చేరి, నా ఎర్ర అంచు వల్లే నువ్వు దొరికావని గొప్ప చెప్పుకున్నాను. ఆమె ముద్ద మింగి, "అలగైతే నన్నొదిలేసి ఆ అంచునే ఇంటికి తెచ్చుకోవాల్సిందిరా, కూడు మిగిలేది," అంది.