నాగలక్ష్మమ్మ పంచిన మాత్ర

అనంతపురం సీమలో వానకు కరువుగాని గాలికి కరువు లేదు. ఆషాఢం వచ్చిందంటే బీడుల మీది దుమ్మంతా లేచి ధర్మవరం వీధుల్లో కాపురం పెడుతుంది. దాని వెంటే వయ్యారిభామ పుప్పొడి. ఆ కలుపుమొక్కకు అంత సొగసైన పేరు పెట్టిన మహానుభావుడెవరో గాని, అతనికి తుమ్ములు లేవని మాత్రం చెప్పొచ్చు.

గంగాధరప్పకు ఉన్నాయి. నలభై ఏళ్లుగా పట్టుచీరలు నేస్తున్న మనిషి, మగ్గం గుంతలో కూర్చుని తుమ్మితే పోగులు తెగేవి. తుమ్ములు ముదిరి ఆయాసం కాగానే అనంతపురంలో అలర్జీ డాక్టరును పట్టుకున్నాడు. ఒంటికి పడని ఆ పుప్పొడినే చుక్కంత మందు చేసి వారం వారం సూదితో ఎక్కిస్తారక్కడ. పగవాడితో రోజుకో మాట కలిపి పగ మరిపించినట్టు. పగవాడు ఒక్కోసారి తిరగబడతాడు గనుక, సూది వేశాక అరగంట బల్లమీదే కూర్చోబెడతారు.

ఆరునెలలకు తుమ్ములు తగ్గినాయి. చేతుల వణుకు మొదలైంది. రెండూ వేరు వేరు జబ్బులే గాని మనిషి ఒకడే కదా. మగ్గం మీది నిలువు పోగులు, అదే పాత పడుగు, అయిపోతే దాని కొసలకు కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటే మెలేసి అతకాలి. వేల పోగులు, వెంట్రుకకన్నా సన్నం. చాలామంది ఆ పని కూలికిస్తారు. గంగాధరప్ప ఎవరినీ తాకనిచ్చేవాడు కాదు. ఇప్పుడు ఒక్క పోగు పట్టడానికి నాలుగుసార్లు వేళ్లను తిట్టుకుంటున్నాడు.

అది చూసింది ఆయన భార్య నాగలక్ష్మమ్మ. ఆమెకు గుండెదడ, రెండేళ్లుగా దానికో మాత్ర మింగుతోంది. అది పడినప్పటినుంచి తన చేతులూ కుదురుగా ఉన్నాయని గుర్తొచ్చింది. ఆ వీధిలో చింతపండు బదులిచ్చుకున్నట్టే మాత్రలూ బదులిచ్చుకుంటారు.

"నాకు దడ యాడుండాదే?" అన్నాడాయన.

"దడ లేకుంటే చేతులమీద ఇంకా బాగా పనిచేస్తుంది. మింగయ్యా, వాదించొద్దు."

రెండు పూటలకే వేళ్లు నిలిచినాయి. పడుగు అతుకు పూర్తయింది. ఆమె గర్వంగా మొగుడికి రోజూ మాత్ర అందించింది.

ఆ వారమే ఆసుపత్రిలో నర్సు ఎస్తేరు ఎప్పటిలాగే అడిగింది. "కొత్తగా మాత్రలేమన్నా మింగుతాండావా పెద్దాయనా?"

గంగాధరప్ప పెండ్లాం వైపు చూసినాడు. చెయ్యి వణుకుతోందని నోటితో ఒప్పుకోవడం నేతగానికి చావుతో సమానం. ఆ చూపు నాగలక్ష్మమ్మకు అర్థమైంది. 'ఇంట్లో మాత్రే కదా, కొత్తదెట్లయితుంది' అనుకుని, "ఏమీ లేవు తల్లీ" అనేసింది.

సూది పడిన పది నిమిషాలకు ఆయన అరిచేతులు దురద పెట్టినాయి. మొహం ఉబ్బింది. పిల్లికూతల ఆయాసం. బల్లమీదినుంచి జారిపోయినాడు. డాక్టరు పరుగున వచ్చి తొడకు సూది పొడిచినాడు. మామూలుగా దాంతో మనిషి తేరుకుంటాడు. తేరుకోలేదు. రెండోది పొడిచినాడు.

"ఇదేంది, నాడి ఇంత నిదానంగా ఉంది? ఈ మందుకు గుండె పరుగెత్తాల కదా!"

నాగలక్ష్మమ్మ చెయ్యి సంచిలో ఉంది. వేళ్లకు మాత్రల అట్ట తగులుతోంది. గుండెను నిదానం చేసే మాత్ర అని తనకు చెప్పే ఇచ్చినారు. చెప్పాలి. చెప్తే మొగుణ్ణి చంపుకున్నావంటారు. ఎదురుగా గోడ గడియారంలో సన్నముల్లు పూర్తిగా ఒక చుట్టు తిరిగింది. ఆమె దాన్నే చూస్తూ నిలబడింది.

అప్పుడు అట్ట తీసి ఎస్తేరు చేతిలో పెట్టింది. "ఇది మింగినాడు తల్లీ. నేనే ఇచ్చినా."

డాక్టరు తిట్టడానికి కూడా ఆగలేదు. వేరే మందు పేరు అరిచినాడు; ఎదురు ఆసుపత్రినుంచి తెచ్చి ఎక్కించినారు. చానాసేపటికి గంగాధరప్ప కళ్లు తెరిచినాడు.

"మేమిచ్చేది గుండెను అదిలించే మందమ్మా," అన్నాడు డాక్టరు తర్వాత. "నీ మాత్ర లోపలినుంచి గడియ పెట్టింది. మేమెంత తట్టినా తలుపు తెరుచుకోలేదు. అందుకే ప్రతివారం అడిగేది."

"ఇంక నేనూ ఆ మాత్ర ముట్టను సార్."

"నువ్వు మానకూడదు. హఠాత్తుగా మానితే నీకే ప్రమాదం. నీది నువ్వు మింగు, ఎవరికీ పంచొద్దు."

గంగాధరప్ప వీధిలో ఎవరడిగినా "సూది వికటించింది" అని ఊరుకున్నాడు. పెండ్లాం పేరు ఎత్తలేదు. కొట్టినా బాగుండేది అనిపించింది ఆమెకు. ఒకరోజు కొళాయి దగ్గర పక్కింటి చిన్నక్క, "ఆ నర్సమ్మ చెయ్యి మంచిది కాదంట, మా కోడల్ని ఆడికి పంపను" అంది.

నాగలక్ష్మమ్మ బిందె దించింది. "నర్సమ్మ అడిగింది చిన్నక్కా. అబద్ధం చెప్పింది నేను. మాత్ర ఇచ్చింది నేను."

అంతా చెప్పింది. గడియారం ముల్లు తిరిగిన ఆ ఒక్క చుట్టు మాత్రం చెప్పలేకపోయింది.

ఇప్పుడు పడుగు ఆమే అతుకుతోంది. తెల్లారి మాత్ర మింగి, అద్దాలు పెట్టుకుని కూర్చుంటుంది. వణికే చేతులు ఒడిలో పెట్టుకుని గంగాధరప్ప పక్కన కూర్చుని తప్పులు పడతాడు. మొన్న తప్పు దొరకలేదు.

"భలే కుదురే నీ చెయ్యి," అన్నాడు మెచ్చుకోలుగా.

గడియారం ముల్లు చుట్టు తిరిగేదాకా సంచిలో కదలకుండా ఉన్నదీ ఆ చెయ్యే. ఆమె తర్వాతి పోగు అందుకుంది.