కొండెక్కనన్న కారు

నా చిన్నప్పుడు మా ఇంటికి ఒక కారు వచ్చింది. కొన్నది మా నాయన, నవ్వింది తిరుపతి మొత్తం. దాని వయసెంతో అమ్మినవాడికే తెలియదు. తలుపు వేస్తే ఎక్కడో ఉన్న ఏర్పేడులో కాకులు లేచేవి. దాన్ని బాడుగకు తిప్పి బతకాలని, చేస్తున్న పని మానుకుని మరీ కొన్నాడు నాయన. నేను చెప్పబోయే రోజుకు మరునాడు ఒక కుటుంబాన్ని తిరుమలకు తీసుకుపోవాలి. అదే తొలి బాడుగ. అయితే నేల మీద బుద్ధిగా నడిచే ఆ కారు, నాలుగు రోజులుగా ఎత్తు కనబడితే చాలు ముసలి ఎద్దులా మొరాయిస్తోంది. తాత తేల్చేశాడు. ఈ పూట కొండెక్కకపోతే రేపు పాత ఇనుము కింద తూకానికే.

తాత, అవ్వ, నాయన చెల్లెలైన మా చిన్నత్త, నేను, అందరం ఎక్కాం. అలిపిరిలో కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి బయలుదేరాం. మొదటి ఎత్తులోనే కారు ప్రాణం పోయింది. నాయన యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ఇంజన్ గొణిగిందే గాని ఊపందుకోలేదు. వెనక్కి జారి పక్కన నిలబడ్డాం.

దేవుడి దర్శనానికి వచ్చినవాళ్లంతా ముందు మా కారును దర్శించుకున్నారు. తలా ఒక జబ్బు చెప్పారు. పెట్రోల్లో చెత్త అన్నాడొకాయన, గాలి అందడం లేదన్నాడు ఇంకొకాయన, దిష్టి అంది ఒకావిడ. జుట్టుతో మమ్మల్ని దాటి మెట్లెక్కినవాళ్లు గుండుతో దిగివచ్చినా మేం అక్కడే ఉన్నాం. నాయన స్టీరింగ్ పట్టుకుని ఎవరి వైపూ చూడకుండా కూర్చున్నాడు.

యూనివర్సిటీలో చదివే చిన్నత్త లేచి వెళ్లి బానెట్ ఎత్తింది.

"అన్నా, గేరు తీసి బాగా తొక్కు."

ఇంజన్ గొణిగింది.

"ఇప్పుడు కాలు తియ్యి."

లోపల, పెడల్ దగ్గర నుంచి ఇంజన్‌కు పోయే కడ్డీని చేత్తో లాగింది. శేషాచలం ఏడు కొండలూ ఒక్కసారిగా గర్జించినట్టు అరిచింది మా కారు. గుంపంతా వెనక్కి దూకింది. తాత తువ్వాలు జారిపోయింది. అంత పెద్ద కారును ఆమె ఒక్క లాగుడుతో రెండు ముక్కలు చేసినట్టు నాకు అనిపించింది. నోరు తెరుచుకుని చూశాను.

"ఇంజన్ బాగానే ఉండాదన్నా. నువ్వు తొక్కేది దాని కాడికి పోవడంల్యా."

తర్వాత నాయనను దించి, పెడల్ కింద పరిచిన పీచుపట్టా లోపలికి చెయ్యి పోనిచ్చింది. వెనక సీట్లోకెక్కి తొంగిచూసిన నాకొక్కడికే కనిపించింది. ఎండి రాయిలా గట్టిపడిన నిమ్మకాయ, పసుపూ కుంకుమా పూసి ఉంది. పెడల్‌ను సగంలోనే ఆపేసింది అదే. అలా పసుపు పూసి దాచే చేతులు మా ఇంట్లో ఒక్క అవ్వవే. ఆ అవ్వ పక్కనే నిలబడి, కొడుకు కారు కొండెక్కాలని కళ్లు మూసుకుని మొక్కుకుంటోంది.

చిన్నత్త ఆమె వైపు ఒక్క క్షణం చూసింది. గుప్పిట మూసింది.

"ఏముండాది మే ఆడ?" అన్నాడు తాత.

"పట్టా మడతపడి అడ్డమొచ్చినాది నాయనా, అంతే."

కారు కొండెక్కింది. ఎక్కడమా అది, బస్సులు దారిచ్చాయి. పైన అందరూ దిగాక అవ్వ మెల్లగా పట్టా ఎత్తి చూసి, ముఖం వెలిగిపోగా కూతురి చెవిలో, పక్కనున్న నాకూ వినబడేంతగా, చెప్పింది.

"నాలుగు దినాల ముందర ఈడొక ఎండు నిమ్మకాయ పెట్టినా మే. వాడి కాలికి ఏ కీడూ రాకూడదని. సూడు, దిష్టంతా తీసుకుని అదే మాయమైపోయినాది."

"అవునమ్మా," అంది చిన్నత్త, కళ్లార్పకుండా. "ఈసారి అద్దం కాడ కట్టు. అది కూడా కొండ సూస్తాది."

ఇప్పుడు నాకు షుగరు, కళ్లజోడు, సొంత కారు అన్నీ ఉన్నాయి. కారు మొరాయించినా, కొడుకు మొరాయించినా ముందు ఇంజన్‌ను తిట్టను, కాలి కింద చూసుకుంటాను. అడ్డం దొరికి, పెట్టినవాళ్లు పక్కనే ఉంటే గుప్పిట మూస్తాను. అంతవరకు నేర్చుకున్నాను. కళ్లార్పకుండా "అవునమ్మా" అనడం మాత్రం ఇంకా చేతకాలేదు.