నాలుగడుగుల సముద్రం

"అల్లం ఏదండీ?"

శ్యామసుందరి ఫ్రిజ్‌లో అడుగు అర దాకా వెతికి, లేచి నిలబడి అడిగింది. ఆఫీసు నుంచి వచ్చి, కోటు విప్పి, అల్లప్పచ్చడి చేద్దామని వంటింట్లోకి వచ్చిన మనిషి. మొన్న కొన్న అల్లమంతా మాయమైంది.

"ముట్టుకోకు," అన్నాడు అచ్యుత్ భోజనాల బల్ల దగ్గర్నుంచి. "అది ఎడమ కొండ."

బల్లమీద ఒక అట్టపెట్టె ఉంది. ముందువైపు అట్ట కోసేశాడు. లోపల అల్లం కొమ్ముల్ని ఒకదానిమీద ఒకటి ఎక్కించి ఎడమపక్క చిన్న దిబ్బ, కుడిపక్క కాస్త పెద్ద దిబ్బ పేర్చాడు. మధ్యలో సన్నని సందు వదిలాడు. అచ్యుత్ కుర్చీలో వంగి కూర్చుని, వెలిగించిన అగరుబత్తిని పెట్టె ఎడమ అంచున పట్టుకుని, విసనకర్రతో మెల్లగా విసురుతున్నాడు.

"అల్లానికి పూజేవిటండీ?"

"పూజ కాదు. పొగ చూడు."

చూసింది. పొగ ఎడమ దిబ్బకి తగిలి రెండుగా చీలింది. ఒక పాయ దిబ్బ ముందునుంచి పోయింది. రెండోది వెనక్కి వెళ్ళి, రెండు దిబ్బల వెనకా పాక్కుంటూ పోయి, పెద్ద దిబ్బ మొదట్లో ఒకచోట సుడి తిరిగి ఆగిపోయింది. అచ్యుత్ అక్కడున్న కొమ్మును తీసి, తిప్పి, మళ్ళీ పెట్టాడు. ఈసారి పొగ ఆగకుండా సందులోంచి బయటికొచ్చింది. అంతలో సీలింగుకున్న స్మోక్ అలారం కూయ్‌మని అరిచింది. ఇద్దరూ తువ్వాళ్ళు పట్టుకుని దానికింద ఎగిరారు.

ఆ రాత్రి పచ్చడి లేకుండానే పెసరట్లు తిన్నారు.

అల్లం ఎందుకు కొండయిందో తెలియాలంటే అచ్యుత్ సంగతి కొంచెం తెలియాలి. మొగల్తూరు దగ్గర ఉప్పుటేరు పక్కన రొయ్యల చెరువులు నడిపినవాడాయన. దోసిట్లో నీళ్ళు తీసుకుని వాసన చూసి, నాలిక్కి తగిలించి ఉప్పెంతుందో చెప్పేవాడు. నీళ్ళని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఏ మూల పెడితే నీళ్ళు చెరువంతా తిరుగుతాయో, ఎక్కడ పెడితే మూలల్లో బురద పేరుకుంటుందో ఆయనకి ఎవరూ చెప్పలేదు, చూసి నేర్చుకున్నాడు. తెల్లమచ్చ తెగులు వచ్చిన ఏడు గట్టుమీదికి వచ్చిన ప్రతి మనిషీ ఒక సలహా చెప్పాడు. మందులమ్మేవాడు ఒకటి, మేత అమ్మేవాడు ఒకటి, పక్క చెరువు బావగారు ఇంకొకటి. అందరికీ "ఆయ్, అలాగేనండి" అన్నాడు. అడుగు బురద వాసన మారిందని అందరికంటే ముందు కనిపెట్టింది ఆయనే. వెంటనే రొయ్యలు పట్టించి అమ్మేద్దామని మనసుకి తోచింది కూడా. ఆగమన్నారు, ఆగాడు. రొయ్యలు గట్టువారకి చేరి చచ్చిపోయాయి.

ఆ తరవాత ఆయన నీళ్ళ జోలికి పోలేదు. శ్యామసుందరి అమీర్‌పేటలో కోబాల్ అనే పాతకాలపు కంప్యూటర్ భాష నేర్చుకుంది. రెండువేల సంవత్సరం వస్తే పాత కంప్యూటర్లన్నీ తేదీ తెలియక తికమకపడతాయని ప్రపంచమంతా కంగారుపడుతున్న రోజులు. కోబాల్ వచ్చినవాళ్ళని విమానం ఎక్కించి మరీ తీసుకుపోతున్నారు. అలా ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రా వచ్చారు. ఊరి చివర గంగాలిన్‌లో అద్దె ఇల్లు. వీధిలో ఇళ్ళన్నీ కొత్తవి, చెట్లింకా కర్రలకి కట్టిన మొక్కలే. ఆవిడ పొద్దున్నే బస్సెక్కి ఆఫీసుకి పోయి, ఏనాటివో ప్రోగ్రాముల్లో సంవత్సరం రెండంకెలతో ఉన్నచోటల్లా నాలుగంకెలు చేసి వచ్చేది. ఆయన వండేవాడు, బట్టలు ఆరేసేవాడు, కిటికీ దగ్గర కూర్చునేవాడు.

ఒక శనివారం పాత వాషింగ్ మెషీన్ కొందామని ఫిష్విక్ వెళ్తే, పక్కనే చేపల దుకాణం ఉంది. లోపల ఒక పెద్ద గాజుతొట్టిలో ఉప్పునీళ్ళు, పగడాలు పెరిగే రాళ్ళు, రాళ్ళ సందుల్లో చేపలు. అచ్యుత్ అక్కడే నిలబడిపోయాడు. శ్యామసుందరి వాషింగ్ మెషీన్ బేరం ముగించి వచ్చేసరికి దుకాణం యజమాని బ్రయన్‌తో వచ్చీరాని ఇంగ్లిష్‌లో, చేతులతో, నీళ్ళు ఎటునుంచి ఎటు తిరుగుతున్నాయో మాట్లాడుతున్నాడు. ఆయన చేతులు అలా ఆడి ఎన్నాళ్ళయిందో! వాషింగ్ మెషీన్‌తోపాటు నాలుగడుగుల గాజుతొట్టి కూడా ఇంటికొచ్చింది.

కాన్‌బెర్రాకి సముద్రం లేదు. క్లైడ్ కొండ మలుపులు దిగి బేట్‌మన్స్ బే దాకా పోయి, కారులో డ్రమ్ములు పెట్టుకుని సముద్రపు నీళ్ళు తెచ్చారు. ఆవిడకి కొండమలుపుల్లో కడుపులో తిప్పింది. ఆయన మాత్రం ఒడ్డున మోకాలి లోతులో నిలబడి, వేలు నాకి, "మన ఏటి నీళ్ళకంటే ఉప్పెక్కువ," అన్నాడు సంతోషంగా.

ఇక రావలసింది రాళ్ళు. అవి క్వీన్స్‌లాండ్ సముద్రం నుంచి తడి కాగితాల్లో చుట్టి విమానంలో వస్తాయి. రాయి అంటే ఉత్త రాయి కాదు. దాని కన్నాల్లో పురుగులు, పాచి, కంటికి ఆననంత జీవాలు కాపురం ఉంటాయి. పెట్టె విప్పాక తాపీగా పేర్చుకుంటూ కూర్చుంటే అవి చచ్చిపోతాయి. అందుకని ఏ రాయి ఎక్కడో ముందే అనుకోవాలి. చూడని రాళ్ళని ఎలా అనుకోవడం? బ్రయన్ చూపించిన రాళ్ళు అల్లం కొమ్ముల్లాగే కణుపులు కణుపులుగా, వంకరటింకరగా ఉన్నాయి. అదీ సంగతి.

శ్యామసుందరికి ఇదంతా చూస్తుంటే ఛాతీ పొంగేది. తన పని బాగా జరిగిందనడానికి ఏమీ జరక్కపోవడమే గుర్తు. ఈయన పనైతే కళ్ళెదుట కొండలా లేస్తుంది. రాళ్ళు ఇసకమీద కాకుండా అడుగు గాజుమీదే ఆనాలనీ, లేకపోతే ఇసక తవ్వే జీవాలు కొండని కూల్చేస్తాయనీ, వెనక గాజుకీ రాళ్ళకీ మధ్య చెయ్యి పట్టేంత సందుండాలనీ ఆయన చెబుతుంటే, ఆఫీసులో ఫోన్ పెట్టేసి మరీ పక్క సీటు అమ్మాయికి చెప్పేది.

రాళ్ళు వచ్చే ముందురోజు జనార్దనరావు అంకుల్ వచ్చారు. విజయనగరం మనిషి, కాన్‌బెర్రా వచ్చి చాలా ఏళ్ళయింది. కొత్తగా దిగిన తెలుగువాళ్ళని ఎయిర్‌పోర్టు నుంచి తీసుకొచ్చేది, అద్దె ఇల్లు చూపించేది ఆయనే. ఏ ఇంటికెళ్ళినా జేబులోంచి చిన్న దిక్సూచి తీసేవారు. తొట్టి ముందు నిలబడి దాన్ని తీశారు. పక్కనే ఉన్న అట్టపెట్టెలోని అల్లం దిబ్బల్నీ చూశారు.

"ఏవోయ్ అచ్యుత్, ఇది దక్షిణం గోడ. ఈ కుడిచేతి వెనక మూల నైరుతి. బరువంతా అక్కడ పడాలి. నువ్వేవిటి, బరువుని రెండు ముక్కలు చేసి మధ్యలో గండి పెట్టావు?"

"అంకుల్, మనం ఉన్నది భూమికి అడుగువైపు కదా," అంది శ్యామసుందరి. "వాస్తు తిరగబడదాండీ?"

"అమ్మాయ్, సూర్యుడు ఇక్కడ కూడా తూర్పునే కదా లేస్తున్నాడు? నైరుతి బరువుంటే ఇంటి యజమాని నిలదొక్కుకుంటాడు. అచ్యుత్‌కి ఇప్పుడు కావలసింది అదేనా, కాదా?"

ఆయన ప్రేమగానే అన్నారు. అచ్యుత్ ఒక్క క్షణం అల్లం దిబ్బల వంక చూశాడు.

"ఆయ్, అలాగేనండి," అన్నాడు.

అంకుల్ వెళ్ళాక ఎడమ కొండని విప్పి కుడి మూలకి చేర్చాడు. ఈసారి ఆయన అగరుబత్తి వెలిగించలేదు.

మర్నాడు రాళ్ళొచ్చాయి. ఊదారంగువి, ఇటుకరంగువి, సముద్రపు వాసన వేస్తూ. నైరుతి మూలలో గాజుకి ఆనించి గుట్టగా పోశాడు. చూడవచ్చినవాళ్ళంతా బాగుందన్నారు. అంకుల్ ఇప్పుడు తొట్టికి కళ వచ్చిందన్నారు. అచ్యుత్ నవ్వాడు. కిటికీ దగ్గర కుర్చీ మళ్ళీ కిటికీవైపు తిరిగింది.

రెండో వారంలో శ్యామసుందరి తలుపు తీసేసరికి కుళ్ళిన గుడ్డు వాసన సన్నగా తగిలింది. అచ్యుత్ తొట్టి పక్కన నేలమీద కూర్చుని ఉన్నాడు.

"నీకూ వస్తోందా?" అన్నాడు.

"కొంచెం."

"ఆ మూలనుంచే. రాళ్ళతోపాటు వచ్చినవేవో చచ్చాయి. వెనక్కి నీళ్ళు పోక అక్కడే కుళ్ళుతున్నాయి. చూడు, ఇసక నల్లబడింది. ఇది తొట్టంతా పాకుతుంది."

"మరి తీసి సర్దండి."

"అంకుల్ ఏవనుకుంటారో. మనకోసం ఇంత చేసిన మనిషి."

"ఈ వాసన ముందు కనిపెట్టింది అంకులా, మీరా?"

ఆయన గాజుమీద వేలితో ఆ నల్లటి మరక చుట్టూ గీస్తూ కూర్చున్నాడు.

"మొగల్తూర్లో కూడా నేనే కనిపెట్టాను," అన్నాడు చివరికి.

చెరువుల సంగతి ఆయన నోటినుంచి ఇన్నేళ్ళలో ఆవిడ వినడం అదే మొదలు. చెప్పుల స్టాండు పక్కనున్న బకెట్లకేసి చూసింది.

"ఎన్ని కావాలి?" అంది.

మర్నాడు శనివారం. అంకుల్, ఆంటీ ఆ మధ్యాహ్నం భోజనానికి రావలసి ఉంది.

"ఫోన్ చేసి రేపు రమ్మననా?"

"వద్దు. రానీ," అన్నాడు అచ్యుత్, చొక్కా చేతులు మడుస్తూ.

వాళ్ళు వచ్చేసరికి హాలంతా తడి. బకెట్లనిండా ఉప్పునీళ్ళలో రాళ్ళు. శ్యామసుందరి పాత టూత్‌బ్రష్‌తో ఒక రాయిమీద నల్లగా కుళ్ళినదాన్ని తోముతోంది. అచ్యుత్ భుజం దాకా తొట్టిలో ఉన్నాడు. అంకుల్ గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఇదేవిటోయ్! బరువంతా మూలనుంచి పీకేస్తున్నావు?"

శ్యామసుందరి చేతిలో బ్రష్ ఆగింది. ఇప్పుడు ఆ "ఆయ్" వస్తుందేమోనని ఊపిరి బిగబట్టింది.

అచ్యుత్ చెయ్యి బయటికి తీసి, తుడుచుకుని, అంకుల్‌కి ఎదురుగా నిలబడ్డాడు.

"ఆ మూల నీళ్ళు చస్తున్నాయండి. మీరు చెప్పినట్టు పెట్టి చూశాను. మీరు ఇంటికి చెప్పే లెక్క చెప్పారు. దీన్లో ప్రాణాలున్నాయి అంకుల్, వాటికి నీళ్ళు తిరగాలి. నీళ్ళ సంగతి నాకు తెలుసు. అంచేత నాకు తెలిసినట్టే పేరుస్తున్నాను."

"అంటే నైరుతి ఖాళీయా?"

"చెయ్యి పట్టేంత ఖాళీ."

అంకుల్ మొహం ముడుచుకుంది. శేషుకుమారి ఆంటీ తెచ్చిన గిన్నె బల్లమీద పెట్టి, కొంగు నడుముకి దోపుకుంది.

"ఊరుకోండి మీరూను! ఇన్నేళ్ళుగా ఊళ్ళోవాళ్ళందరికీ దిక్కులు చెబుతున్నారు. షాపింగ్ సెంటర్లో మన కారు ఎటుపక్క పెట్టామో ఒక్కనాడైనా చెప్పారా?"

అంకుల్ ఆవిడ వంక కోపంగా చూసి, ఆ కోపాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక దగ్గరున్న బకెట్ మీదికి వంగారు. వంగినవారు అంతే వేగంగా లేచారు.

"అబ్బ! ఇదా వాసన? ఇది ఇంట్లో పెట్టుకుని కూర్చున్నావా నేను చెప్పానని?"

"ఆయ్," అన్నాడు అచ్యుత్. అందరికంటే ముందు అంకులే నవ్వారు.

తరవాత ఆయన వాచీ విప్పి జేబులో వేసుకుని, ఒక పెద్ద రాయిని రెండు చేతులా ఎత్తారు.

"ఇదెక్కడోయ్?"

"అదిప్పుడు కాదండి. ముందు ఆ చదునుది అందించండి. తిరగెయ్యండి... ఆ, అలాగ."

అచ్యుత్ ఒక్కో రాయినీ నీళ్ళలోపల మెల్లగా తిప్పి, మూడుచోట్ల ఆనేదాకా కదిపి చూసి, వేలితో నొక్కి, అప్పుడు వదిలాడు. తొందర ఉంది, కానీ చేతుల్లో తొట్రుపాటు లేదు. అంకుల్ రాళ్ళందిస్తున్నారు, ఆంటీ ఒలికిన నీళ్ళు తుడుస్తోంది. ఎడమ కొండ లేచింది. సందు వదిలాడు. కుడి కొండ లేచింది. చివరికి పంపు స్విచ్చి వేసి, చిటికెడు చేపల మేత ఎడమ అంచున వదిలాడు.

నలుగురూ మోకాళ్ళమీద కూర్చుని చూశారు. పొట్టులాంటి ఆ మేత ఎడమ కొండకి తగిలి రెండుగా చీలింది. సగం కొండల వెనక్కి పోయి కనబడకుండా పోయింది. శ్యామసుందరి కుడి మూల వంక చూస్తూనే ఉంది. అక్కడ ఏమీ ఆగలేదు. కాసేపటికి మధ్య సందులోంచి ఒక్కో రేణువూ తొంగి చూసినట్టు బయటికొచ్చింది.

"అదిగో! వచ్చేసింది!" అని ఆంటీ చప్పట్లు కొట్టింది.

అన్నాలకి కూర్చునే ముందు అంకుల్ వెళ్ళి మళ్ళీ తొట్టి ముందు నిలబడ్డారు. ఈసారి జేబులో చెయ్యి పెట్టలేదు. గొంతు సవరించుకున్నారు.

"అచ్యుత్, మా పెరట్లో ఈశాన్యాన తామరకొలను కట్టించానే, అది ఎన్నిసార్లు కడిగించినా పాచి పట్టిపోతోందోయ్. ఒకసారి వచ్చి చూస్తావా?"

"చూస్తానండి," అన్నాడు అచ్యుత్. "కానీ చూశాక నేను చెప్పినట్టు చెయ్యాలి మరి. మధ్యలో ఇంకొకరి మాట వినకూడదు," అన్నాడు.

"అలాగేనోయ్," అన్నారు అంకుల్.

అచ్యుత్ అప్పుడే అడగడం మొదలుపెట్టాడు: కొలను లోతెంత, ఎండ ఎటునుంచి పడుతుంది, నీళ్ళు ఎక్కడ దిగి ఎక్కడ పోతాయి అని. అంకుల్ బుద్ధిగా ఒక్కొక్కదానికీ జవాబు చెబుతున్నారు. పులుసు గిన్నె పట్టుకుని వస్తున్న శ్యామసుందరి వంటింటి గుమ్మంలో ఆగింది. గిన్నె చేతులు కాలుస్తున్నా, ఆ అడగడం అయ్యేదాకా అక్కడే నిలబడి వింది.