టేపు తగ్గించిన మోకాలు

ముప్పై ఎనిమిదేళ్లుగా కోటు కాజాలు చేత్తోనే కుడుతున్న ఆ దర్జీకి కుడిచేతి వేళ్లు వంగడం మానేశాయి. మోకాలు కూడా వాటికి సంఘీభావం ప్రకటించి వాచింది.

"రెండు నెలలు చూస్తాను. తగ్గకపోతే కాజాలు ఎదురు కొట్లో మిషను మీద వేయిద్దాం," అని భార్య తీర్పు చెప్పింది. మిషను కాజా అంటే ఆయనకు అన్నంలో వెంట్రుక.

అందుకే ఆయుర్వేద వైద్యుణ్ణి ఆశ్రయించాడు. పరగడుపున ఆముదం, మధ్యాహ్నం కషాయం, సాయంత్రం వేడి తైలంతో మర్దనా. ఆముదం గొంతు దిగే వేళ దర్జీ ముఖాన వెలిసే రసానికి నాట్యశాస్త్రంలో బీభత్సమని పేరు. కషాయమైతే తడిసిన గోనెసంచిని ఉడకబెట్టి వడకట్టినట్టుండేది. ఇక తైలం, గిరాకీలకు ఆయనకంటే ముందే వీధి మలుపు దగ్గర స్వాగతం చెప్పేది.

"నా పక్కన పడుకోకండి బాబూ. దుప్పటి మూడుసార్లు ఉతికాను, వాసన పోతేనా!" అనేది భార్య.

దర్జీ అన్నాక వైద్యాన్నయినా కొలవకుండా నమ్ముతాడా? రోజూ మర్దనా కాగానే, తైలం కారుతున్న మోకాలికి గుడ్డ టేపు బిగించి చుట్టి, అంకె పుస్తకంలో రాసుకునేవాడు. మొదటిరోజు పదహారున్నర. ఏడో వారానికి పదిహేనున్నర.

"చూశావటే? అంగుళం దిగింది!"

"మరి నొప్పి?"

"నొప్పిని ఏ టేపుతో కొలుస్తాం? వాపు పోతే అదే పోతుంది."

ఆ వారమే హెడ్మాస్టరు, పది రోజుల కిందట కొలతలిచ్చిన తన కోటు తొడిగి చూసుకున్నాడు. ఛాతీ దగ్గర రెండంచులూ దూరపు చుట్టాల్లా ఒకదాన్నొకటి చూసుకున్నాయే గాని కలుసుకోలేదు.

"ఏమయ్యా, ఇది నాకా, మా మనవడికా?"

"మాస్టారూ, తమరు కాస్త ఒళ్లు చేశారేమో..."

"పది రోజుల్లోనా? నీ టేపు ఇలా పడెయ్."

మాస్టారు దాన్ని కోతబల్ల మీది ఇనుప స్కేలు పక్కన పరిచాడు. టేపు పదిహేనన్న చోట స్కేలు పదహారంది. ఏడు వారాలుగా వేడి తైలంలో నాని, రోజూ లాగించుకుని, గుడ్డ సాగిపోయింది. కొలత టేపుతో తీసి, కోత స్కేలు మీద కోయడం మన దర్జీ పద్ధతి; అలా మాస్టారి ఛాతీకీ అంగుళాలు తగ్గాయి.

దర్జీ కొత్త టేపు తీసి, మాస్టారి ఎదుటే ప్యాంటు పైకి మడిచి మోకాలు కొలుచుకున్నాడు. పదహారున్నర.

"ఛీ! ఇందుకా ఇన్నాళ్లూ గోనె నీళ్లు తాగింది?"

నేరుగా వైద్యుడి మీదికి వెళ్లాడు. వైద్యుడు తొణకలేదు.

"వేళ్లు వంగుతున్నాయా అని వచ్చినప్పుడల్లా అడిగాను. మీరేమో మోకాలి అంగుళాలు అప్పజెప్పారు. ఇక ఆలస్యం వద్దు, కీళ్ల డాక్టరుకు చూపించి రక్తపరీక్ష చేయించుకోండి."

కోటు కుట్లు విప్పి లోపల మిగిల్చిన గుడ్డ వదిలితే ఛాతీ సరిపోయింది. కాజాలే మిగిలాయి. మూడో కుట్టుకే సూది వేళ్లలోంచి జారిపోయింది. మళ్లీ పట్టుకున్నాడు, మళ్లీ జారింది.

"ఎదురు కొట్టుకు పంపనా?" భార్య మెల్లిగా అడిగింది.

"చచ్చినా వద్దు. నువ్వు కుట్టు."

"సరే. ముందు ఆ చేతులు కడుక్కొచ్చి, నాలుగడుగులు అవతల కూర్చోండి."

ఆయన కూర్చున్నాడు. ఆమె మొదటి కాజా పూర్తిచేసి చూపించింది.

"దీన్ని కాజా అంటారా? ఎలక కొరికినట్టుంది. థూ! విప్పు."

ఆమె విప్పి, మళ్లీ దారం ఎక్కించింది.